పటంలో లేని పదకొండు ఇండ్లు

ఈ ఎండాకాలం నీళ్ళు ఎన్నడూ లేనంతగా వెనక్కి పోయి మా ఊరు బయటపడింది. ఊరంటే ఊరేమీ కాదు. మోకాలెత్తు రాతి పునాదులు, ఒక బావి గట్టు, హనుమాండ్ల గుడి గద్దె, మధ్యలో ఎండి పెచ్చులు లేచిన బురద. పేపర్లో ఫొటో చూసి సుశీల పొద్దున్నే ఫోన్ చేసింది, పోయి చూసొద్దాం రమ్మని. సుశీల నాకు ఏడో తరగతి నుంచీ స్నేహితురాలు. బోధన్ దగ్గర కాలువ కింద భూములు కొనుక్కుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం వాళ్ళది. నేను మోకాళ్ళ నొప్పులన్నాను, ఎండన్నాను, బీపీ అన్నాను. ఆమె దేన్నీ లెక్కచేయకుండా కారు తీసుకుని నిజామాబాద్‌లో మా ఇంటి ముందు దిగింది. దారి పొడుగునా, ఇక్కడ చెరకు ఉండేది, ఇప్పుడు వరి, ఇక్కడ బండ్ల వెనక పరుగెత్తి గడలు లాక్కునేవాళ్ళం అని హుషారుగా చెబుతూనే ఉంది. నేను ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఆమెకు నేను యాభై ఏళ్ళకు పైగా ఒక అబద్ధం చెబుతూ వస్తున్నాను. ఊరు నీళ్ళ కింద ఉన్నంత కాలం ఆ అబద్ధానికి ఏ ఢోకా లేదనుకున్నాను. చదువు చెప్పి రిటైరైన దాన్ని, నాలుగు పుస్తకాలు రాసిన దాన్ని, ఈ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మా ఊరి పేరు గంగమిట్ట. మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలవబోయే ముందు ఒకచోట బాగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో మూడు పక్కలా నీళ్ళుండే మిట్ట మీద ఊరు. వానాకాలం నాలుగో పక్కనున్న బండ్ల బాట కూడా మునిగితే తెప్ప తప్ప దారి లేదు. అవతలి ఒడ్డు మహారాష్ట్ర. మిట్ట మీద పైవాడ: పటేల్ ఇల్లు, పట్వారీ ఇల్లు, కాపుల ఇండ్లు, రాతి గోడలు, పెంకులు. మిట్ట దిగితే కిందివాడ: వరసగా పదకొండు మట్టిగోడల ఇండ్లు, గడ్డి కప్పులు. అవి చేపలు పట్టేవాళ్ళవి, తెప్ప నడిపేవాళ్ళవి. ఆ కింద ఇసుక, ఇసుక తర్వాత నీళ్ళు. మా ఇల్లు కిందివాడలో మూడోది. బాపు, అంటే మా నాన్న, జనాన్ని అవతలి ఒడ్డుకు, అక్కడి అంగడికి దాటించేవాడు. అవతలివాళ్ళతో మరాఠీ, పట్వారీతో ఉర్దూ కలిపిన తెలుగు, చేపలతో మౌనం. పొద్దున లేవగానే ముఖం కూడా కడగకుండా నీళ్ళ దగ్గరికి పోయి పాదం పెట్టి నిలబడేవాడు. నీళ్ళ రంగు చూసి, నిజాంసాగర్ తలుపులు లేపిన్రు, మాపటికి గీడిదాక వస్తయి అని కాలితో ఇసుక మీద గీత గీసేవాడు. గీతకు అటూ ఇటూ జానెడు తేడా వస్తే ఆ రోజంతా చికాగ్గా ఉండేవాడు.

అవ్వ బీడీలు చేసేది. మా వైపు అమ్మనే అవ్వ అంటాం. రాత్రి తడిపి గోనెసంచిలో చుట్టిపెట్టిన తునికాకు తెల్లవారేసరికి మెత్తబడేది. రేకు ముక్క కొలత పెట్టి కత్తెరతో ఆకులు కత్తిరించడం అవ్వ పని. చుట్టిన బీడీల మూతులు మడవడం నా పని. చాట ఒడిలో పెట్టుకుని, కాళ్ళు చాపి, గోడకు వీపు ఆనించి కూర్చునేది. మాట్లాడుతూ, తిడుతూ, నవ్వుతూ, కూర ఎట్లా ఉడుకుతోందో వాసన చూస్తూ ఉన్నా ఆ వేళ్ళు మాత్రం వాటి మానాన అవి తిరుగుతూనే ఉండేవి. చేపల పులుసు పెట్టి జొన్న రొట్టె కొడితే వాడంతా ఘుమఘుమలాడేది, కానీ ఆ వాసన కింద ఇంకో వాసన ఎప్పుడూ ఉండేది, పొగాకుది. అన్నంలో, దుప్పట్లో, నా జడలో, పుస్తకాల అట్టల్లో. నాకది పుట్టుకతో వచ్చిన వాసన కాబట్టి బడికి పోయేదాకా అదొక వాసన అనే నాకు తెలియదు.

హైస్కూలు సుశీల వాళ్ళ క్యాంపులో ఉండేది. మా ఊరి నుంచి అక్కడికి పోయేది నేనొక్కదాన్నే. కోస్తా నుంచి వచ్చిన రైతులు కాలువ వెంట కట్టుకున్న ఊళ్ళను మేము క్యాంపులనేవాళ్ళం. తిన్నని వీధులు, సున్నం కొట్టిన గోడలు, వాకిట్లో ముగ్గులు. మొదటి వారంలోనే ఒక అమ్మాయి ముక్కు మూసుకుని పక్కకు జరిగింది. సుశీల జరగలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, మీ ఇల్లెక్కడ అని అడిగింది. పైవాడ అన్నాను. ఎందుకన్నానో అడిగితే ఈ రోజుకీ ఒక్కటే జవాబు: ఆమె లేచి పోకూడదని. అక్కడితో ఆగితే బాగుండేది. అబద్ధానికి పెంకులు కావాలి, పశువుల కొట్టం కావాలి, బీడీలు చేసే పనిమనిషి కావాలి. అవన్నీ ఒక్కొక్కటిగా కట్టాను. వాసన పనిమనిషిదని చెప్పాను. అంటే అవ్వది. సుశీల మాట్లాడినట్టు మాట్లాడటం నేర్చుకున్నాను. బాటలో క్యాంపు మైలురాయి దాటగానే నా నాలుక మారిపోయేది, సాయంత్రం తిరిగి వస్తూ అదే రాయి దగ్గర మళ్ళీ మారేది. ఇంట్లో ఎప్పుడన్నా పొరపాటున "వచ్చారండీ" అంటే బాపు పడిపడి నవ్వేవాడు. అవ్వ మాత్రం నవ్వేది కాదు.

ఆ ఏడు సోషల్ సార్ నార్వే పాఠం చెప్పారు. పెద్దగా పాఠం కూడా కాదు, రెండు పేజీలు, ఒక బొమ్మ, ఒక పటం. సముద్రం కొండల మధ్యకు సన్నగా చొచ్చుకొచ్చి ఎంతో దూరం లోపలికి పోతుందట. ఆ నీటి ఒడ్డున ఇరుకు నేల మీద ఒక పల్లె. ఎర్ర రంగు వేసిన చెక్క ఇండ్లు, ఇంటికో పడవ, కర్రల మీద ఎండబెట్టిన చేపలు, నేల ఎప్పుడూ తడే కాబట్టి కంచెల మీద ఆరబెట్టిన గడ్డి. చలికాలం నెలల తరబడి కొండ అడ్డమై సూర్యుడు కనపడడట. ఎండాకాలం రాగానే ఆడపిల్లలు ఆవుల్ని తోలుకుని కొండ మీదికి పోయి, అక్కడ గుడిసెల్లో ఉండి పాలు పితికి వెన్న తీసి, చలి మొదలయ్యాక దిగి వస్తారట. ఆ పిల్లల మీద నాకు పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది. పాఠమంతా కంఠస్థం. మేము కూడా ఎండాకాలం రాగానే కిందివాడ వదిలి ఇసుకలోకి పోయి గుడిసెలు వేసుకుని, పుచ్చ, దోస పాదులు పెట్టి, మొదటి వానకు మళ్ళీ ఇంటికి వస్తామన్న సంగతి నాకు తట్టనే లేదు. వాళ్ళది అందం, మాది గతిలేనితనం. అట్లా అనుకునే వయసు కొందరికి పదమూడేళ్ళకే దాటిపోతుంది, నాకు చాలా కాలం పట్టింది.

సార్ మాకు పని పెట్టారు. పుస్తకంలో ఆ పల్లె పటం ఉన్నట్టే ఎవరి ఊరి పటం వాళ్ళు గీసుకు రావాలి. ఏ ఇల్లూ వదలకూడదు. ఆ వానాకాలం నేను పది రోజులు గీశాను. మంజీర వంపుకు నీలం, మిట్టకు గోధుమ రంగు, పైవాడలో ప్రతి ఇంటికీ ఎర్ర చతురస్రం, నార్వే వాళ్ళ ఇండ్లలాగా. కిందివాడ దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ ఆగింది. సుశీల ఈ పటం చూస్తుంది, ఈ ఇండ్లు ఎవరివని అడుగుతుంది. పుస్తకంలోని పటంలో పడవలు దాచుకునే పాకలు ఉన్నాయి, కొండ మీది ఎండాకాలం గుడిసెలు కూడా ఉన్నాయి. నేను మాత్రం పదకొండు ఇండ్ల చోట ఆకుపచ్చ రంగు పూసి చెట్లు వేశాను. సార్ దానికి మొదటి బహుమతి ఇచ్చి, అద్దం కట్టించి ఆఫీసు గదిలో పెట్టించారు. అవ్వ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, బహుమతిగా ఇచ్చిన పెన్నును పట్టుకుని చూసింది. పటం కూడా చూపించమంటే బడిలో ఉందన్నాను.

ఆ తర్వాత కొద్ది కాలానికి కింద గోదావరి మీద పెద్ద డ్యామ్ కడుతున్నారనీ, మా ఊరు నీళ్ళలో పోతుందనీ తెలిసింది. ఇల్లున్న ప్రతి కుటుంబానికీ రోడ్డు మీద కొత్త ఊళ్ళో జాగా ఇస్తారన్నారు. ఇండ్లు రాసుకోవడానికి ఆఫీసరు ఎండాకాలం నడిమధ్య వచ్చాడు. ఇక్కడ మా వాడ అలవాటు ఒకటి చెప్పాలి. ఇసుకలోకి దిగేటప్పుడు మేము ఇంటి కప్పు విప్పేసేవాళ్ళం. గడ్డి, వాసాలు, తలుపు చెక్కలు అన్నీ నెత్తిన పెట్టుకుని పోయి, వాటితోనే తోట దగ్గర గుడిసె వేసుకునేవాళ్ళం. వానలకు ముందు మళ్ళీ మోసుకొచ్చి ఇంటికి ఎక్కించేవాళ్ళం. రెండు చోట్లకూ రెండు కప్పులు ఎవరి దగ్గరా లేవు. ఆఫీసరు వచ్చిన రోజు కిందివాడలో అతనికి కనిపించింది కప్పులేని, తలుపుల్లేని మొండిగోడలు. పాడుబడిన గోడలని రాసుకుని పోయాడు. పట్వారీ పుస్తకంలో ఎట్లాగూ అది ఏటి పోరంబోకే, సర్కారు నేలే. మా వాళ్ళకు సంగతి తెలిసేసరికి ఆఫీసరు క్యాంపు హైస్కూల్లో మకాం పెట్టి జాబితా ముగించే పనిలో ఉన్నాడు. పదకొండు ఇండ్లవాళ్ళూ ఇసుకలోంచి లేచి ఎండలో ఆరు మైళ్ళు నడిచి అక్కడికి పోయారు.

నేను అప్పటికే అక్కడ ఉన్నాను. పటం గీసిన పిల్లను చూస్తానని ఆఫీసరు అన్నాడని సార్ కబురు పెడితే, ఉతికిన లంగా వేసుకుని పొద్దున్నే పోయాను. సుశీల వాళ్ళింటి నుంచి మజ్జిగ తెచ్చి అందరికీ పోసి, వచ్చి నా పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. నా పటాన్ని గోడ మీంచి తీసి బల్ల మీద పెట్టారు. మా వాళ్ళు వచ్చి బడి వాకిట్లో నిలబడ్డారు. నన్ను చూసి పక్కింటి పోసవ్వ నవ్వింది. బాపు తెప్ప వదిలి రాలేక అవ్వను పంపాడు. కప్పు విప్పే సంగతి మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆఫీసరు చెడ్డవాడు కాదు, ఓపికగా విన్నాడు. తన కళ్ళకు గోడలే కనిపించాయనీ, పట్వారీ పుస్తకంలో ఇండ్లు లేవనీ, వానాకాలంలో, అంటే కప్పులు ఉండాల్సిన కాలంలో గీసిన ఈ పటంలో కూడా అక్కడ చెట్లే ఉన్నాయనీ చెప్పాడు. నేనెవరి పిల్లనో తెలిసిన పట్వారీ అరుగు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటున్నాడు. చివరికి ఆఫీసరు నా వైపు తిరిగాడు. గీసిన పిల్ల ఇక్కడే ఉంది, ఈమె ఇండ్లు ఉన్నాయంటే ఇప్పుడే రాసేస్తానన్నాడు.

"చెప్పమ్మా. నువ్వు గీసినప్పుడు అక్కడ ఇండ్లున్నాయా?"

వాకిట్లో అందరూ నన్నే చూస్తున్నారు. వాళ్ళ ముఖాల్లో ఏ బెంగా లేదు. మన పిల్లే కదా అన్న ధీమా ఉంది. సుశీల చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది, మజ్జిగ ముంత పట్టుకున్న చెయ్యి.

"నాకు తెలీదండీ. మాది పైవాడండీ," అన్నాను. ఆ భాష కూడా మా అవ్వది కాదు.

పోసవ్వ ముందుకొచ్చి, గిదేంది, గీ పిల్ల అని ఏదో అనబోయింది. అవ్వ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపింది. ఆఫీసరు అది చూశాడు. ఈ పిల్ల మీవాళ్ళ పిల్లేనా అని అవ్వనే అడిగాడు. అవ్వ నన్ను చూసింది, నా చెయ్యి పట్టుకున్న సుశీలను చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"కాదు సారు. గా పిల్ల మా పిల్ల కాదు. పైవాడోల్ల పిల్ల," అంది.

మిగతా పది ఇండ్లవాళ్ళలో ఒక్కరు నోరు విప్పినా నా బండారం బయటపడేది, జాగాలు వచ్చేవి. అవ్వ మాట కోసం, నా పరువు కోసం వాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. ఆఫీసరు కలానికి టోపీ పెట్టిన చప్పుడు వినిపించింది. నేను సాయంత్రం ఇంటికి, అంటే ఇసుకలో గుడిసెకు, పోయేసరికి అవ్వ పాదులకు నీళ్ళు పోస్తోంది. తిట్టలేదు, ఏడవలేదు. బువ్వ తిన్నవా అని అడిగింది. నేను తిన్నానని మరో అబద్ధం చెప్పాను.

పైవాడకు జాగాలు వచ్చాయి. మా పదకొండు కుటుంబాలూ తలో దిక్కూ చెదిరి, ఎక్కువమంది నిజామాబాద్‌కు చేరాం. బీడీలకు పేరున్న వాడలో ఒకే వసారాకు నాలుగు గదులు. ఒకటి మాది, పక్కది పోసవ్వది. ఏడాదికోసారి కప్పు విప్పుకున్నా సొంత గోడలుండేవి. ఆ తర్వాత అవ్వకు బతికినన్ని రోజులూ తనదని చెప్పుకునే గోడ లేదు. బాపు పొగాకు గోదాములో కాపలాకు కుదిరాడు. నీళ్ళు లేని చోట ఆయనకు పొద్దున లేచి ఎటు పోవాలో తెలిసేది కాదు. కొన్నాళ్ళు వీధి కుళాయి దగ్గరికే పోయి నిలబడేవాడు. అది చూసి నవ్విన పిల్లల్ని పోసవ్వ చీపురు తీసుకుని తరిమేది. నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు వాడంతా పేడాలు పంచింది కూడా పోసవ్వే. నాతో ఒక్కసారి, ఒక్కసారైనా ఆమె ఆ మాట ఎత్తి నన్ను నాలుగు తిట్టి ఉంటే నేను కొంచెం తేలిగ్గా బతికేదాన్నేమో. ఇట్లా అనుకోవడం కూడా నా స్వార్థమే. ముప్పై ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పాను, పటాలు గీయించాను, ఏ ఇల్లూ వదలొద్దని మా సార్ లాగే గొంతు చించుకున్నాను. అవ్వను నా దగ్గర పెట్టుకుని చివరిదాకా బాగానే చూసుకున్నాను. కానీ గంగమిట్ట పేరు వస్తే నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని, ఆమె మాట మార్చేది. సుశీల ఇంటికొస్తే అవ్వ తనంతట తానే లోపలి గదిలోకి పోయేది, నేను పిలిచేదాన్ని కాదు. ఇప్పుడు నా ఇంటికి స్లాబు ఉంది, రెండంతస్తులు, గేటు మీద నా పేరు. గృహప్రవేశం నాడు అవ్వ గోడల్ని అరచేత్తో తడుముతూ గదులన్నీ తిరిగింది. నేను ఆమె వెనక నడవలేక పూలు సర్దుతున్నట్టు నటించాను. పోయినేడు అవ్వ వెళ్ళిపోయింది. క్షమించమని అడగడానికి యాభై ఏళ్ళు సరిపోలేదు నాకు.

కారు దిగి ఎండిన బురద మీద నడుస్తూ సుశీల పైవాడ వైపు చూసింది. మీ ఇల్లు ఇందులో ఏదే అని అడిగింది. ఆ రాతి పునాదుల్లో ఏదో ఒకటి చూపించి, ఫొటో దిగి, తిరిగి రావచ్చు. నా వేలు దాదాపు లేచింది కూడా. కానీ మిట్ట దిగువన ఏమీ లేదు. రాతి పునాదులు మిగిలాయి, మట్టిగోడలు మిగలలేదు. నేను పటంలో గీసినట్టే అక్కడ ఆకుపచ్చగా తుమ్మ మొలకలు లేచి ఉన్నాయి. పోయి బావి గట్టు మీద కూర్చున్నాను.

"మాది పైవాడ కాదు సుశీలా," అన్నాను. "కింద. ఆ రోజు వాకిట్లో నిలబడ్డది మా అవ్వ."

సుశీల నా పక్కన కూర్చుంది. తెలుసు అంది.

ఏడో తరగతిలోనే తెలుసట. అవ్వ ఎండాకాలం పుచ్చకాయల గంప నెత్తిన పెట్టుకుని క్యాంపుకు వచ్చేది, అది నాకూ తెలుసు. నేను బడి లేని రోజుల్లోనే పొమ్మనేదాన్ని. కానీ ప్రతిసారీ సుశీల వాళ్ళ అరుగు మీద కూర్చుని నా చదువు గురించి వాళ్ళమ్మను అడిగేదని తెలియదు. ఒకసారి సుశీలనే దగ్గరికి పిలిచి చేతులు పట్టుకుందట.

"'బిడ్డా, నేనొచ్చిపోతున్నట్టు మా లక్ష్మికి చెప్పకు, చిన్నబోతది' అంది మీ అమ్మ. సరేనని మాటిచ్చాను," అంది సుశీల. "ఆ రోజు నీ పక్కన నిలబడి, ఇప్పుడు చెబుతుంది, ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. నువ్వు చెప్పలేదు. నేను చెబితే మీ అమ్మకిచ్చిన మాట పోతుందని భయపడ్డాను. పదమూడేళ్ళు కదే నాకూ. తర్వాత నువ్వే ఎప్పుడో చెబుతావని చూస్తూ ఉన్నాను."

ప్రపంచంలో ఒకే ఒక్క మనిషి నమ్మాలని నేను ఆ అబద్ధం చెప్పాను. ఆ మనిషి ఒక్క ఏడాది కూడా నమ్మలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. సిగ్గు అనే మాట కూడా చాలదు.

సుశీల లేచి నా చెయ్యి పట్టుకుని లేపింది. ఏ ఇల్లు ఎక్కడుండేదో చూపించు, ఎవరెవరివో చెప్పు అంది. మిట్ట దిగి, ఆ మొలకల మధ్య నిలబడి, ఒక్కో అడుగూ వేస్తూ చెప్పాను. ఇది నర్సయ్యన్నది. ఇది గంగవ్వ వాళ్ళది. ఇది మాది. ఇది పోసవ్వది. వాకిళ్ళు ఎటు ఉండేవో, ఎవరి ఇంటి ముందు వల ఆరేసేవారో కూడా చెప్పాను. పది ఇండ్ల దాకా వచ్చి ఆగిపోయాను. చివరి ఇల్లు ఎవరిదో గుర్తు రాలేదు. ఎండలో నిలబడి ఎంత తన్నుకున్నా ఆ ఇంటివాళ్ళ ముఖాలు రాలేదు, పేరు రాలేదు. ఎవరినన్నా అడుగుదామంటే, పోసవ్వ, మిగతా వాడ పెద్దలూ ఎప్పుడో పోయారు; పోయినేటి దాకా ఉన్న అవ్వ ఒక్కతికే తెలుసు.